నీటి చుట్టూ అల్లుకున్న నగరం: బ్రిస్టల్ రేవు పేటలు, వాటి స్మృతి

వ్యాససంగ్రహం:
ఇంగ్లండు నైరుతి భాగంలోని బ్రిస్టల్ మధ్యయుగాల నుంచి పేరెన్నిక గన్న రేవు పట్టణం. దాని పాత రేవు, విశాలమైన కూడళ్ళు, కొండల నడుమ వేలాడే వంతెన, చర్చి గోపురాలు నేడు పర్యాటక స్థలాలు. 18వ శతాబ్దిలో ఈ నగర సంపదకు ప్రధానాధారాల్లో ఒకటైన ఆఫ్రికా బానిస వ్యాపారం ఈ స్థలాల్లో ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ కనబడకుండా పోయింది అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. జనం నోట నిలిచిన కథలు ఆ చరిత్రను చీకటి గుహల్లో వెతికాయనీ, దాని అసలు ఆధారాలు నగరంలోని అందమైన ఇళ్ళలోనే ఉన్నాయనీ ఇందులో ప్రతిపాదించడమైనది. నేతబట్ట, పొగాకు, రామమోహనరాయ్ సమాధి అనే అంశాల ద్వారా ఈ రేవుకు తెలుగు నేలతో ఉన్న సంబంధాన్ని సందర్భానుసారంగా చర్చించడమైనది.

కీలక పదాలు: బ్రిస్టల్, రేవు పట్టణం, బానిస వ్యాపారం, నగర స్మృతి, స్థలనామాలు, రామమోహనరాయ్, యాత్రాచరిత్ర

1. ప్రవేశిక

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి కాశీయాత్రకు బయలుదేరారు. ఆ ఏడాది నవంబరులోనే రాజా రామమోహనరాయ్ కలకత్తాలో ఇంగ్లండు ఓడ ఎక్కారు. వీరాస్వామయ్య మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. రాయ్ తిరిగి రాలేదు. 1833 సెప్టెంబరు 27న బ్రిస్టల్ నగరపు శివారులో కన్నుమూశారు.

ఈ రెండు యాత్రలను పక్కపక్కన పెట్టడానికి తేదీల పొంతన ఒక్కటే కారణం కాదు. వీరాస్వామయ్య ఒక ఊరు చేరగానే గుడిగోపురాలను మాత్రమే చూసి ఊరుకోలేదు. అక్కడి పేటలు, వాటిలో ఉండే జనం, వారి వృత్తులు, బజారులో దొరికే వస్తువులు, నీటి వసతి అన్నీ రాసిపెట్టుకున్నారు. ఊరిని చూడడమంటే ఊరు ఎలా బతుకుతున్నదో చూడడమేనన్న ఈ పద్ధతి తెలుగు యాత్రాచరిత్రకు మొదటి నుంచీ ఉన్న బలం. తరువాతి కాలపు పర్యాటక గ్రంథాలలో ఇది పలచబడింది. అవి 'చూడదగిన స్థలాల' జాబితాలయ్యాయి. జాబితాలో ప్రతి స్థలమూ విడివిడిగా నిలబడుతుంది. ఒక భవనానికీ దాని పక్కన పారే నీటికీ మధ్య ఉన్న లెక్క అందులో కనిపించదు. బ్రిస్టల్ వంటి నగరాన్ని అలా చూస్తే అసలు విషయమే జారిపోతుంది. కనుక ప్రస్తుత వ్యాసంలో వీరాస్వామయ్య చూపునే ఆ నగరానికి అన్వయించే ప్రయత్నం జరిగింది.

2. ఆటుపోట్ల మీది ఊరు

బ్రిస్టల్ అన్న పేరుకు పాత ఇంగ్లీషులో 'వంతెన ఉన్న చోటు' అని అర్థం. ఏవన్, ఫ్రోమ్ అనే రెండు నదులు కలిసేచోట, సముద్ర మొగకు 10 కిలోమీటర్లకు పైగా ఎగువన ఈ ఊరు పుట్టింది. అంత లోపల రేవు ఏర్పడడానికి కారణం సముద్రపు పోటు. ఏవన్ నది కలిసే సెవర్న్ ముఖద్వారంలో పోటుకూ ఆటుకూ నడుమ నీటిమట్టంలో తేడా అమావాస్య, పౌర్ణమి సమయాల్లో 14 మీటర్ల వరకూ ఉంటుంది. ప్రపంచంలోనే అత్యధికమైన తేడాల్లో ఇది ఒకటి. పోటు ఓడను ఊరి నడిబొడ్డుకు మోసుకొచ్చేది. ఆటు రాగానే అదే ఓడ ఒండ్రుమట్టి మీద కూలబడేది. అందువల్ల ఇక్కడికి వచ్చే ఓడలకు అడుగుభాగం గట్టిగా ఉండాలి, లోపలి సరుకు కదలకుండా కట్టి ఉండాలి. ఏదైనా పొందికగా సర్ది ఉంటే 'బ్రిస్టల్ పద్ధతిలో ఉంది' అనే ఇంగ్లీషు నానుడి ఇందువల్లే పుట్టిందని చెబుతారు.

పౌరులు ఈ నీటితో తరతరాలుగా కుస్తీ పట్టారు. 1240లలోనే ఫ్రోమ్ నదికి కొత్త కాలువ తవ్వి దాని దారి మళ్ళించారు. ఆ కాలపు పనిముట్లతో చేసిన పనిగా అది అసాధారణం. నదికి ఉత్తరాన ఉన్న ఊరు ఒక జిల్లాకు, దక్షిణాన ఉన్న రెడ్‌క్లిఫ్ పేట మరొక జిల్లాకు చెందేవి. 1373లో మూడవ ఎడ్వర్డు ఇచ్చిన పట్టా ఈ రెంటినీ కలిపి బ్రిస్టల్‌ను ప్రత్యేక జిల్లాగా చేసింది. 1497లో జాన్ కాబట్ 'మాథ్యూ' అనే చిన్న ఓడలో ఉత్తర అమెరికా తీరానికి వెళ్ళింది ఈ రేవు నుంచే. ఆ ఓడకు చేసిన ప్రతిరూపం నేడు రేవులో తేలుతూ కనిపిస్తుంది.

నీటి సమస్యకు పరిష్కారం 1804-1809 మధ్య దొరికింది. విలియం జెస్సప్ అనే ఇంజనీరు నదికి అడ్డుకట్టలు కట్టి, లాకులు అమర్చి, నది పారడానికి దక్షిణంగా వేరే కాలువ తవ్వించాడు. సుమారు 70 ఎకరాల నీరు ఆటుపోట్లతో పనిలేకుండా ఒకే మట్టంలో నిలిచింది. దీన్నే 'తేలియాడే రేవు' అన్నారు. తేలేవి ఓడలే గాని రేవు కాదు! ధవళేశ్వరం లాకులు, డెల్టా కాలువల పడవ ప్రయాణాలు ఎరిగిన గోదావరి వాసులకు ఈ ఏర్పాటును వేరుగా వివరించనక్కరలేదు. అయితే నిలిచిన నీటిలో మురుగు, పూడిక పేరుకుపోయాయి. ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్ 1830లలో కట్ట అడుగున తూము పెట్టి పూడికను కిందినుంచే బయటికి తోసే ఉపాయం చెప్పాడు. 'అండర్‌ఫాల్ యార్డ్' అన్న పేరు ఆ అడుగు తూము వల్ల వచ్చినదే.

ఈ సాంకేతిక వివరాలను ఇంతగా చెప్పడానికి కారణముంది. రేవు ఇక్కడ ఊరి అంచున లేదు, ఊరి మధ్యలో ఉంది. ఓడ ఆగిన చోటికీ వర్తకుడి వీధి గుమ్మానికీ దూరం కొన్ని వందల అడుగులే. అయినా ఆ ఓడ ఏం చేసి వచ్చిందో ఆ గుమ్మంలో నిలబడినవారికి కనిపించేది కాదు.

3. గుహల్లో వెతికిన చరిత్ర

బానిసల వ్యాపారం ఈ ఊరికి 18వ శతాబ్దిలో కొత్తగా వచ్చినది కాదు. 11వ శతాబ్దిలోనే ఇక్కడి నుంచి ఐర్లండుకు మనుషులను అమ్మేవారు. ఊస్టర్ బిషప్పు వుల్ఫ్‌స్టన్ స్వయంగా వచ్చి దానికి వ్యతిరేకంగా ప్రబోధించినట్టు చరిత్ర చెబుతున్నది. ఆరు శతాబ్దాల తరువాత ఆ వ్యాపారం మరో రూపంలో తిరిగివచ్చింది. ఆఫ్రికా వ్యాపారంపై లండన్‌లోని రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి ఉన్న గుత్తాధికారం 1698లో తొలగింది. దానికోసం గట్టిగా పట్టుబట్టినవారిలో బ్రిస్టల్ వర్తక సంఘం ముందున్నది. అప్పటి నుంచి 1807లో చట్టం నిషేధించే వరకూ ఈ రేవు నుంచి 2,000కు పైగా ఓడ ప్రయాణాలు జరిగాయి. సుమారు 5 లక్షల మంది ఆఫ్రికన్లు ఈ ఓడల్లో బంధీలుగా అట్లాంటిక్ దాటారని అంచనా. 1730లలో బ్రిస్టల్ లండన్‌ను మించి ఈ వ్యాపారంలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. తరువాత లివర్‌పూల్ దాన్ని దాటిపోయింది.

ఓడ బ్రిస్టల్ నుంచి సరుకుతో ఆఫ్రికాకు, అక్కడి నుంచి మనుషులతో కరీబియన్ దీవులకు, అక్కడి నుంచి పంచదార, రమ్ము, పొగాకులతో తిరిగి బ్రిస్టల్‌కు వెళ్ళేది. కాబట్టి ఈ రేవులో దిగినది పంచదార బస్తాలే తప్ప సంకెళ్ళలో ఉన్న మనుషులు కాదు. వర్తకుల, ఓడ కెప్టెన్ల ఇళ్ళలో సేవకులుగా వచ్చిన కొద్దిమంది ఆఫ్రికన్లను మాత్రమే ఊరి జనం చూసి ఉంటారు. హెన్బరీ చర్చి ఆవరణలో 1720లో 18 ఏళ్ళ వయసులో మరణించిన సిపియో ఆఫ్రికానస్ సమాధి అలాంటి జీవితానికి మిగిలిన గుర్తు.

ఈ పరిస్థితి నగర స్మృతిలో ఒక వింతకు దారితీసింది. రెడ్‌క్లిఫ్ పేట కింద ఎర్ర ఇసుకరాతిలో తొలిచిన గుహలున్నాయి. బానిసలను ఇక్కడే బంధించేవారని ఒక కథ తరతరాలుగా ప్రచారంలో ఉంది. నిజానికి ఆ గుహలు గాజు తయారీకి ఇసుక కోసం తవ్వినవి, తరువాత సరుకు దాచుకోవడానికి వాడుకున్నవి. అలాగే 'బ్లాక్‌బాయ్ హిల్', 'వైట్‌లేడీస్ రోడ్డు' అనే పేర్లను కూడా జనం బానిస వ్యాపారంతో ముడిపెట్టి చెప్పుకొన్నారు. ఆ పేర్లు పాత సత్రాల వల్ల వచ్చినవని చరిత్రకారులు తేల్చారు.

ఈ కథలను ఆధారం లేనివని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇవి ఎందుకు పుట్టాయన్నది మరింత ముఖ్యమైన ప్రశ్న. తమ ఊళ్ళో ఒక ఘోరం జరిగిందని జనానికి లీలగా తెలుసు. ఘోరం చీకటిలోనే జరిగి ఉంటుందని మనసు ఊహిస్తుంది. అందుకని ఊళ్ళో చీకటిగా ఉన్న స్థలాన్ని వెతికి ఆ కథను అక్కడ ఉంచారు. దీనివల్ల వెలుతురు నిండిన కూడళ్ళకూ పాలరాతి మెట్లకూ ఆ కథతో సంబంధం లేకుండా పోయింది. కల్పిత కథ అసలు చరిత్రను దాచే తెరగా పనిచేసిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మాడ్జ్ డ్రెస్సర్ ఈ నగరంపై 2001లో వెలువరించిన గ్రంథానికి 'మరుగునపడ్డ బానిసత్వం' అని అర్థం వచ్చే పేరు పెట్టడం గమనించదగినది.

4. వెలుగులో ఉన్న ఆధారాలు

కార్న్ స్ట్రీట్‌లోని ఎక్స్చేంజి భవనాన్ని జాన్ వుడ్ 1741-43లో కట్టాడు. దాని ముందున్న నాలుగు కంచు బల్లలను 'మేకులు' అంటారు. వర్తకులు వాటి మీద డబ్బు పెట్టి బేరం ముగించేవారు. భవనం గడియారానికి నిమిషాల ముల్లులు రెండు. సూర్యగమనాన్ని బట్టి బ్రిస్టల్ కాలం లండన్ కన్నా సుమారు 10 నిమిషాలు వెనక. రైలు వచ్చాక లండన్ కాలం తప్పనిసరైంది. నగరం 1852లో దాన్ని ఒప్పుకున్నా తన పాత ముల్లును తీసివేయలేదు. పర్యాటకులు ఈ గడియారాన్ని ఫోటో తీసుకుని ముందుకు సాగుతారు. ఆ భవనపు అలంకారాల్లో ఆఫ్రికా, అమెరికా, ఆసియాలను సూచించే చెక్కడాలు కూడా ఉన్నాయి. ఈ బల్లల మీద కుదిరిన బేరాల విస్తృతి ఎంతో ఆ చెక్కడాలే చెబుతాయి.

ఆసియా అన్నది అక్కడ అలంకారం మాత్రమే కాదు. ఆఫ్రికా తీరంలో మనుషులకు బదులుగా ఇచ్చిన సరుకుల్లో బ్రిస్టల్ పరిసరాల్లో తయారైన ఇత్తడి సామాను, తుపాకులు, మద్యంతోపాటు భారతీయ వస్త్రాలు ముఖ్యమైనవి. తూర్పు దేశాల వ్యాపారం ఈస్టిండియా కంపెనీ గుత్తాధికారంలో ఉన్నందువల్ల లండన్‌లో ఆ కంపెనీ వేలాల ద్వారా ఈ బట్ట వర్తకుల చేతికి చేరేది. 'గినీ వస్త్రం' అని పేరుపొందిన నీలి, తెల్ల నూలుబట్టలు, 'సాలెంపూర్' రకాలు కోరమాండల్ తీరంలో నేసినవి. మచిలీపట్నం నుంచి దక్షిణంగా సాగిన ఆ తీరపు సాలెవాడల్లో మగ్గం మీది బట్ట ఒక మనిషికి వెలగా మారుతుందని నేసినవాడికి తెలిసే అవకాశం లేదు. తెలుగు నేత చరిత్రను మనం సాధారణంగా కంపెనీ దోపిడి, మాంచెస్టర్ పోటీ అనే రెండు కోణాల్లోనే చెప్పుకుంటున్నాం. ఈ మూడో కోణం మన పరిశోధనల్లో ఇంకా తగిన చోటు పొందలేదు.

క్వీన్ స్క్వేర్ 1699-1727 మధ్య ఏర్పడిన కూడలి. ఆన్ రాణి పేరు పెట్టిన ఈ చోట ఓడల యజమానులు, వర్తకులు ఇళ్ళు కట్టుకున్నారు. చుట్టూ చెట్లు, నడుమ మూడవ విలియం అశ్వారూఢ విగ్రహం. 1831 అక్టోబరు చివర ఈ కూడలి మూడు రోజులు తగలబడింది. ఓటు హక్కును విస్తరించే సంస్కరణ బిల్లును ప్రభువుల సభ తిరస్కరించడం, ఆ బిల్లుకు బద్ధవిరోధి అయిన న్యాయాధికారి చార్లెస్ వెథరెల్ నగరానికి రావడం అల్లర్లకు కారణాలు. బిషప్పు భవనం, కస్టమ్స్ భవనం, జైళ్ళు కాలిపోయాయి. నలుగురిని ఉరితీశారు. ఆ సమయంలో రామమోహనరాయ్ ఇంగ్లండులోనే ఉన్నారు. బిల్లు ఓడిపోతే ఈ దేశంతో సంబంధం తెంచుకుంటానని ఆయన ప్రకటించిన సంగతి ప్రసిద్ధం. 1930లలో ఈ కూడలి మీదుగా ఐమూలగా పెద్ద రోడ్డు వేశారు. ఆ శతాబ్ది చివర దాన్ని తొలగించి పచ్చిక పెంచారు. నేడు ఇక్కడ మధ్యాహ్నం వేళ ఉద్యోగులు కూర్చుని భోజనం చేస్తారు.

ఇక గ్రేట్ జార్జి వీధిలోని ఏడవ నంబరు ఇల్లు మ్యూజియంగా ఉంది. నెవిస్ దీవిలో చెరకు తోటలున్న జాన్ పిన్నీ 1790 ప్రాంతంలో కట్టించుకున్న ఇల్లు ఇది. వంటిల్లు, పుస్తకాల గది, నేలమాళిగలో చన్నీటి స్నానపు తొట్టి అన్నీ అప్పటి తీరులోనే సర్ది ఉన్నాయి. పిన్నీ 1765లో నెవిస్‌లో 12 ఏళ్ళ పెరో అనే బాలుణ్ణి, అతని ఇద్దరు చెల్లెళ్ళనూ కొన్నాడు. పెరో అతని సొంత సేవకుడై 1783లో బ్రిస్టల్ వచ్చాడు. 1798లో మరణించే వరకూ స్వేచ్ఛ పొందలేదు. అతని గురించి మనకు తెలిసినదంతా పిన్నీ కుటుంబపు లెక్కల పుస్తకాలు, ఉత్తరాల నుంచే. అతను తన గురించి తాను చెప్పుకున్న మాట ఒక్కటీ మిగలలేదు. 1999లో రేవు మీద కట్టిన నడక వంతెనకు 'పెరో వంతెన' అని పేరు పెట్టారు.

సాహిత్య విద్యార్థులకు ఈ ఇంటితో మరొక సంబంధం ఉంది. వర్డ్స్‌వర్త్ 1795లో ఇక్కడ అతిథి. ఆ తరువాత సుమారు రెండేళ్ళు డోర్సెట్‌లో పిన్నీలకు చెందిన రేస్‌డౌన్ ఇంట్లో అద్దె లేకుండా ఉన్నాడు. అదే 1795లో కోల్‌రిడ్జి బ్రిస్టల్‌లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా ఉపన్యసించాడు. మన తరగతి గదుల్లో భావకవిత్వ పాఠం మొదలుపెట్టగానే పేర్కొనే 'లిరికల్ బాలడ్స్' 1798లో అచ్చయింది ఈ నగరంలోనే. ప్రకృతి కవిత్వానికి నీడనిచ్చిన కప్పు ఏ సొమ్ముతో వేసినదో ఆ పాఠంలో చెప్పవలసిన విషయమే. అది ఆ కవిత్వపు విలువను తగ్గించదు. అది పుట్టిన లోకాన్ని మాత్రం పూర్తిగా చూపుతుంది.

రేవుకు దగ్గరలో థామస్ లేన్ అనే ఇరుకు సందులో 'సెవెన్ స్టార్స్' అనే సారాయి దుకాణం ఇప్పటికీ ఉంది. థామస్ క్లార్క్‌సన్ 1787లో బానిస ఓడల గురించి సాక్ష్యాలు సేకరించడానికి వచ్చినప్పుడు ఈ దుకాణదారు అతనికి సాయపడ్డాడు. నావికులను మభ్యపెట్టి, తాగించి ఆ ఓడలకు ఎలా ఎక్కిస్తున్నారో రాత్రిళ్ళు తిప్పి చూపించాడు. నగరంలోని పెద్ద భవనాలన్నిటి కన్నా ఈ చిన్న దుకాణం చరిత్రకు ఎక్కువ పని చేసింది.

5. కొండ మీద, కొండ కింద

వర్తకులు రేవు వాసనకు, రద్దీకి విసిగి 18వ శతాబ్ది చివర క్లిఫ్టన్ కొండకు తరలిపోయారు. అర్ధచంద్రాకారపు ఇళ్ళ వరుసలు అక్కడ నేటికీ చూడముచ్చటగా ఉంటాయి. ఏవన్ లోయ మీద వేలాడే వంతెనను బ్రునెల్ రూపొందించాడు. 1859లో అతను చనిపోయాక, 1864లో అది పూర్తయింది. 1843లో బ్రిస్టల్ రేవులో జలప్రవేశం చేసిన అతని ఇనుప ఓడ 'గ్రేట్ బ్రిటన్' పాడుబడి, 1970లో ఫాక్‌లాండ్ దీవుల నుంచి తిరిగి పుట్టిన చోటికే చేరింది. వీటి గురించి ప్రతి పర్యాటక పుస్తకమూ విపులంగానే రాస్తుంది.

కొండ దిగితే బెడ్మిన్‌స్టర్. ఇది పనివారి పేట. విల్స్ కుటుంబపు సిగరెట్టు ఫ్యాక్టరీలు ఇక్కడ ఉండేవి. 'విల్స్' అన్న పేరును తెలుగువారికి పరిచయం చేయనక్కరలేదు. పాన్ షాపుల్లో ఏళ్ళ తరబడి వినిపించిన విల్స్, గోల్డ్ ఫ్లేక్ పేర్లు ఈ బ్రిస్టల్ కుటుంబానివే. 1901లో ఈ కుటుంబం ముందుండి ఇంపీరియల్ టుబాకో కంపెనీని స్థాపించింది. 1910లో కలకత్తాలో అదే పేరుతో భారతీయ కంపెనీ ఏర్పడింది. ఆ వెంటనే 1912లో వచ్చిన ఐ.ఎల్.టి.డి. గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగుకు, చీరాల పొగాకు కర్మాగారానికి మూలం. ఒకవైపు గుంటూరు జిల్లా నల్లరేగడిలో పొగాకు సాగు విస్తరిస్తున్న కాలంలోనే, 1925లో, విల్స్ సొమ్ముతో కట్టిన విశ్వవిద్యాలయ గోపురం బ్రిస్టల్ కొండ మీద ప్రారంభమైంది. కుంబర్లండ్ బేసిన్ వద్ద ఎర్ర ఇటుకల పొగాకు గిడ్డంగుల్లో ఒకటి నేడు నగర పత్రభాండాగారం. బ్రిస్టల్ చరిత్రపై పని చేసే పరిశోధకుడు పాత కాగితాలు చూడడానికి పొగాకు గిడ్డంగికే వెళ్ళాలి.

6. ఆర్నోస్ వేల్ సమాధి

రామమోహనరాయ్ మొగలు చక్రవర్తి రెండవ అక్బర్ దూతగా, రాజా బిరుదుతో ఇంగ్లండు వెళ్ళారు. యూనిటేరియన్ మతాచార్యుడు లాంట్ కార్పెంటర్ ఆహ్వానంపై 1833 సెప్టెంబరులో బ్రిస్టల్ వచ్చి స్టేపుల్టన్ పేటలో అతిథిగా ఉన్నారు. కొద్ది రోజులకే జ్వరంతో మరణించారు. మొదట ఆ ఇంటి తోటలోనే సమాధి చేశారు. ద్వారకానాథ్ ఠాకూర్ చొరవతో 1843లో ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు మార్చి, పైన బెంగాలీ తీరులో రాతి ఛత్రి కట్టించారు. గోతిక్ శిలువల మధ్య ఆ ఛత్రి ఒంటరిగా కనిపిస్తుంది. 1997లో కాలేజి గ్రీన్‌లో ఆయన విగ్రహం నెలకొల్పారు.

ఆయన మరణానికి సరిగ్గా నెల ముందు, 1833 ఆగస్టు 28న, బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టానికి రాజామోదం లభించింది. అందులో 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకు దక్కింది. బానిసలకు దక్కినది ఏమీ లేదు. పైగా 1838 దాకా 'అప్రెంటిసు' పేరిట వారి చాకిరీ కొనసాగింది. తోటలకు కూలీల కొరత ఏర్పడగా మారిషస్ వంటి దీవులకు తెలుగువారు కూడా ఒప్పంద కూలీలుగా ఓడలెక్కారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వారిని 'కోరంగివాళ్ళు' అన్నారు.

లాంట్ కార్పెంటర్ కుమార్తె మేరీ కార్పెంటర్ యువతిగా ఉన్నప్పుడు రాయ్‌ను చూసింది. 1854లో బ్రిస్టల్‌లోని రెడ్ లాడ్జిలో బాలికల సంస్కరణ పాఠశాల పెట్టింది. 1866-76 మధ్య నాలుగుసార్లు ఇండియా వచ్చి స్త్రీవిద్య, జైళ్ళ సంస్కరణల గురించి ప్రచారం చేసింది. రాయ్ స్థాపించిన బ్రహ్మసమాజ భావాలు ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం, రఘుపతి వేంకటరత్నం నాయుడుగార్ల కృషిలో ఎలా వేళ్ళూనుకున్నాయో తెలుగు పాఠకులకు తెలిసినదే. మన సంస్కరణోద్యమ చరిత్రలో బ్రిస్టల్ రాయ్ మరణించిన ఊరుగా ఒక వాక్యంలో వచ్చిపోతుంది. ఆయనకు ఆతిథ్యమిచ్చిన వర్గం ఎలాంటిదో, ఆ నగరం అప్పుడు ఏ లెక్కలు తేల్చుకుంటున్నదో ఆ వాక్యంలో ఉండదు.

7. సెయింట్ పాల్స్: బస్సులు నడవని వేసవి

18వ శతాబ్ది చివర సంపన్నుల కోసం వేసిన సెయింట్ పాల్స్ పేట క్రమంగా పేదలదైంది. 1940 నవంబరు బాంబుదాడి తరువాత మరింత శిథిలమైంది. యుద్ధానంతరం కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారికి అద్దెకు ఇళ్ళు దొరికిన కొద్ది పేటల్లో ఇది ఒకటి. అంటే బ్రిస్టల్ ఓడలు తరలించినవారి వంటి బంధీల వారసులు తమంత తాము ఈ రేవు నగరానికి వచ్చారు. నగర బస్సు కంపెనీ వారిని వర్క్‌షాపుల్లో తీసుకున్నది గాని డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకోలేదు. యూనియన్ కూడా అడ్డుపడింది. 1963లో గై బెయిలీ అనే యువకుడికి ఇంటర్వ్యూ ఖరారై, అతను జమైకా నుంచి వచ్చినవాడని తెలియగానే రద్దయింది. పాల్ స్టీఫెన్సన్, రాయ్ హ్యాకెట్, ఓవెన్ హెన్రీ తదితరుల నాయకత్వంలో ఏప్రిల్ 30న బస్సుల బహిష్కరణ మొదలైంది. ఆగస్టు 28న కంపెనీ దిగివచ్చింది. సెప్టెంబరు 17న చేరిన మొదటి శ్వేతేతర కండక్టరు రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. 1965, 1968 జాతివివక్ష నిరోధక చట్టాలకు ఈ ఉద్యమం దోహదం చేసిందని చరిత్రకారులు భావిస్తారు. ఇదే పేటలో 1968 నుంచి కార్నివాల్ జరుగుతున్నది. 1980 ఏప్రిల్‌లో పోలీసు దాడి తరువాత పెద్ద అల్లర్లు జరిగిందీ ఇక్కడే.

8. విగ్రహం, నీరు

నగర కేంద్రంలో రెండు విగ్రహాలు దాదాపు ఒకే కాలంలో వెలిశాయి. ఒకటి 1774-80 మధ్య బ్రిస్టల్ ప్రతినిధిగా పార్లమెంటులో కూర్చున్న ఎడ్మండ్ బర్క్‌ది, 1894 నాటిది. ఆర్కాటు నవాబు అప్పుల పేరిట కర్ణాటక ప్రాంతాన్ని పిండిన కంపెనీ ఉద్యోగులను 1785లో పార్లమెంటులో దుయ్యబట్టిన బర్క్ ఇతనే. రెండోది 1895లో నెలకొల్పిన ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహం. కోల్‌స్టన్ (1636-1721) రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ముఖ్యుడు. అతనికి సంబంధమున్న కాలంలో ఆ కంపెనీ సుమారు 84,000 మందిని తరలించిందనీ, వారిలో 19,000 మంది దారిలోనే చనిపోయారనీ అంచనా. ఊరికి అతను బడులు, సత్రాలు కట్టించాడు. మరణించిన 170 ఏళ్ళకు పైగా గడిచాక నిలిపిన ఆ విగ్రహం పీఠం మీద నగరపు పుణ్యపురుషుల్లో ఒకడన్న భావం చెక్కారు. ఆ పుణ్యానికి పెట్టుబడి ఎక్కడిదన్న మాట చెక్కలేదు. పీఠం మీద ఆ సంగతి చేర్చాలన్న ప్రయత్నాలు, ఏ పదాలు వాడాలన్న వివాదంలోనే ఏళ్ళ తరబడి నలిగాయి.

2020 జూన్ 7న నిరసనకారులు విగ్రహాన్ని కూలదోసి, వీధుల వెంట దొర్లించి రేవులో పడవేశారు. పడిన చోటు పెరో వంతెనకు దగ్గరే. నాలుగు రోజుల తరువాత నగరపాలకులు దాన్ని బయటికి తీశారు. ఆ ఏడాదే కోల్‌స్టన్ హాలు 'బ్రిస్టల్ బీకన్' అయింది. కేసు ఎదుర్కొన్న నలుగురిని 2022 జనవరిలో జ్యూరీ నిర్దోషులుగా ప్రకటించింది. దీన్ని చరిత్రను చెరిపివేయడమన్నవారున్నారు. కానీ 125 ఏళ్ళు ఆ విగ్రహం నిలబడి ఉన్నప్పుడు కోల్‌స్టన్ వ్యాపారం గురించి ఎందరికి తెలుసు, నీళ్ళలో పడ్డాక ఎందరికి తెలిసింది అని పోల్చిచూస్తే ఆ వాదనకు బలం తక్కువ.

విగ్రహాన్ని తిరిగి నిలబెట్టలేదు. పాత సరుకు షెడ్డులో ఏర్పాటైన 'ఎం షెడ్' మ్యూజియంలో, నిరసనకారులు పూసిన ఎరుపు, నీలం రంగులతోనే, వెల్లకిలా పడుకోబెట్టి ప్రదర్శించారు. మరోవైపు విశ్వవిద్యాలయం 2023లో తన చిహ్నం నుంచి కోల్‌స్టన్ గుర్తయిన డాల్ఫిన్‌ను తీసివేయాలని నిర్ణయించింది, విల్స్ గోపురం పేరును మాత్రం ఉంచింది. పెరో పేరు కనిపించే పిన్నీ కుటుంబపు లెక్కల పుస్తకాలు ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే భద్రంగా ఉన్నాయి.